నేల గంటకి ఎంత నీరు తాగుతుందో పైపుముక్కతో కొలుద్దాం

గజపతినగరం దగ్గర మా ఊళ్లో ఉపాధి పనికి నేను మేటుని, అంటే కూలీల జట్టు పని చూసేదాన్ని. రెండేళ్ల కిందట మెట్ట మీద గరువు (ఇసుక పాలున్న) నేలలో ఒక నీటికుంట తవ్వాం. జూలై వానలకి నిండింది, అందరం ఫోటోలు దిగాం. వారం తిరక్కుండా అడుగు బయటపడింది. చోటు చూపించింది మేం కాకపోయినా తిట్లు మాత్రం మాకే. మా అత్త ఒక్కతే "నీళ్లెక్కడికి పోతాయే, కింద నూతిలోకే గదా" అంది. అదీ నిజమే. ఇంకుడుకి ఆ చోటు బంగారం, నీరు నిలవ చేసుకోడానికి మాత్రం దండగ. ఆ తేడా తవ్వకముందే తెలుసుకోవచ్చు.

లోపలి వెడల్పు 15 సెం.మీ. ఉండే పీవీసీ పైపు జానెడు ముక్క కోయించండి. ఒక అంచుని ఆకురాయితో పదును పెట్టండి. 440 మి.లీ. దగ్గర గీత పెట్టిన సీసా, చెక్కముక్క, సుత్తి, పాలిథిన్ కవరు ఉంటే చాలు, టైముకి ఫోను ఉండనే ఉంది. ఈ పైపులో 440 మి.లీ. పోస్తే 25 మి.మీ. ఎత్తు నిలుస్తుంది. అంటే ఒక గట్టి వాన.

గడ్డి పీకొద్దు, పీకితే నేల గుల్లబారుతుంది. కత్తెరతో కత్తిరించండి. పైపు మీద చెక్క పెట్టి నాలుగు వేళ్ల లోతు దిగేదాకా కొట్టండి. లోపలి అంచు వెంబడి మట్టిని వేలితో అదమండి, లేకపోతే నీరు సందులోంచి జారిపోతుంది. కవరు పరిచి దాని మీద నీళ్లు పోసి, కవరుని మెల్లగా లాగేయండి. నేరుగా కుమ్మరిస్తే మట్టి లేచి కన్నాలు పూడుకుపోతాయి. నీరంతా ఇంకి పైన మెరుపు పోయేదాకా ఎన్ని నిమిషాలో రాసుకోండి.

మొదటి సీసా లెక్క నమ్మకండి. ఎండిన నేల దాన్ని గటగటా తాగేస్తుంది. మా జీడితోటలో, రాలిన ఆకుల కింద, మొదటిసారి 4 నిమిషాలు, రెండోసారి 9, మూడోసారి 12 పట్టింది. నాలుగోసారీ 12 వచ్చాకే ఆగాను. 12 నిమిషాల్లో 25 అంటే గంటకి 125 మి.మీ. పది అడుగుల అవతల ఆకు లేని బోడి నేలలో చివరికి 50 నిమిషాలు తేలింది, గంటకి 30. ఒకే గట్టు, ఒకే మట్టి! బోడి నేల మీద చినుకులు కొట్టి కొట్టి పైన పొర కడుతుంది, అదే నీటిని ఆపుతుంది. అందుకే ఒక్కచోట కొలిచి ఊరుకోకుండా కనీసం మూడు చోట్ల కొలవండి.

ఒంటి పైపులో నీరు కిందికే కాదు, పక్కలకీ పారుతుంది, కాబట్టి లెక్క ఎక్కువ చూపిస్తుంది. పరిశోధన చేసేవాళ్లు 30 సెం.మీ. వలయం చుట్టూ 60 సెం.మీ. వలయం దింపి, రెంటిలోనూ నీళ్లు పోసి, లోపలిదే కొలుస్తారు. నాకంత సరంజామా లేదు, వచ్చినదాంట్లో సగమే లెక్కేసుకుంటాను. అప్పుడు బోడి నేల గంటకి 15 మి.మీ. తాగుతుందన్నమాట.

ఇక వాన లెక్క. గంటలో 45 మి.మీ. కురిస్తే 15 ఇంకి, 30 గెడ్డ (వాగు) దారి పడుతుంది. ఎకరానికి 1 మి.మీ. అంటే 4,047 లీటర్లు, కాబట్టి పోయేది దాదాపు 1,20,000 లీటర్లు. అదే 45 రాత్రంతా జల్లుగా పడితే దాదాపు అంతా ఇంకుతుంది. వాతావరణ శాఖ చెప్పేది ఉదయం 8.30 దాకా 24 గంటల మొత్తం, అందులో ఈ ఉరవడి తెలీదు. అందుకే నిటారు గోడల డబ్బా ఒకటి పెరట్లో పెట్టి, వాన పట్టినప్పుడు అరగంటకోసారి స్కేలు ముంచి చూస్తాను.

దమ్ము పట్టిన వరిమడిలో ఈ కొలతంతా తలకిందులు. అక్కడ ఇంకకూడదనే కదా తొక్కించేది!

కుంట కోసమైతే పైన కొలిచి లాభం లేదు. కుంట అడుగు ఎక్కడికి వస్తుందో అంత లోతు చిన్న గొయ్యి తీసి, దాని అడుగున పైపు దింపాలి. కిందటి వేసవిలో పల్లంలో అలాగే చేశాం. మూడు సీసాలు తాగించి, నాలుగోది పోసి, ఆవిరవకుండా పళ్లెం బోర్లించి ఇంటికొచ్చేశాను. పొద్దున స్కేలు పెడితే 10 గంటల్లో దిగింది 8 మి.మీ. అక్కడే కొత్త కుంటకి ముగ్గు పోసి గీత గీశాం.