బెంగళూరులో కుక్కకీ, బియ్యం బస్తాకీ సరిపోయే కారు ఎంచుకోవడం ఎలా?

మా లాబ్రడార్ చింటూ 32 కిలోలు ఉంటాడు. ఒకసారి అనంతపురం నుంచి తిరిగొస్తున్నాం. పాత చిన్న కారు. వెనక సీట్లో వాడు, కింద బియ్యం బస్తా, దాని మీద ఆవకాయ జాడీ. బాగేపల్లి టోల్ దగ్గర ముందున్న లారీ ఠక్కున ఆగింది. బ్రేకు తొక్కాను. వాడు జారి జాడీ మీద పడ్డాడు. వాడికేం కాలేదు గానీ జాడీ పగిలి, నూనె సీటు కిందకి దిగిపోయింది. రెండేళ్ల తర్వాత ఆ కారు అమ్మకానికి పెడితే, చూడ్డానికొచ్చిన ఆయన తలుపు తీసీ తీయగానే "మీరు తెలుగువాళ్లా?" అన్నాడు.

తర్వాతి కారుని డిక్కీ వైపు నుంచి చూసి కొన్నాను. ఇంట్లో కుక్క, ఊరి నుంచి మూటలు ఉన్నవాళ్లెవరైనా అలాగే చూడాలంటాను.

1. ముందు కుక్కని కొలవండి

టైలరు టేపు చాలు. నిలబడినప్పుడు నేల నుంచి నడినెత్తి దాకా ఒక కొలత, పక్కకి తిరిగి పడుకున్నప్పుడు ముక్కు నుంచి తోక మొదలు దాకా ఇంకొకటి. రెండింటికీ బెత్తెడు కలపండి. మా వాడు నిలబడితే 74 సెంటీమీటర్లు, పడుకుంటే మీటరు పైచిలుకు. ఊరి నుంచి మీరు మామూలుగా తెచ్చే వాటిలో అన్నిటికంటే పెద్దదాన్ని కూడా కొలవండి. మా ఇంట్లో అది బియ్యం బస్తా కాదు, చింటూ పంజరం.

2. లీటర్ల లెక్కని నమ్మి ఊరుకోకండి

డిక్కీని లీటర్లలో చెబుతారు. ఏడు సీట్ల మారుతి ఎర్టిగాలో మూడు వరసలూ నిలబెడితే 209 లీటర్లు, మూడో వరస మడిస్తే 550. రెనో ట్రైబర్‌లో ఏడు సీట్లూ ఉంటే 84 లీటర్లే. కానీ దాని మూడో వరస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టేయొచ్చు, అప్పుడు 625. అంటే ఏడు సీట్ల కారు కొని, ఐదు సీట్ల కారులా వాడాలన్నమాట. అసలు కిటుకు ఇదే.

అయినా లీటర్లు నీళ్ల కొలత. కుక్కని నీళ్లలా పోయలేం కదా. అందుకే షోరూముకి టేపు పట్టుకెళ్లి మూడు చూడండి: చక్రాల ఉబ్బుల మధ్య వెడల్పు, నేల నుంచి పైకప్పు దాకా ఎత్తు, వెనక అద్దం ఎంత వాలుగా ఉంది. అద్దం బాగా వాలిన కారులో డిక్కీ తలుపు వేస్తే కుక్క నెత్తికి తగులుతుంది.

నాలుగోది చాలామంది మర్చిపోతారు. రోడ్డు మీద నుంచి డిక్కీ అంచు ఎంత ఎత్తు? లాబ్రడార్లకి, జర్మన్ షెపర్డ్‌లకి వయసు మీద పడితే తుంటి కీళ్లు పట్టేస్తాయి. రెండేళ్లప్పుడు ఒక్క గెంతులో ఎక్కేది, తొమ్మిదేళ్లొచ్చేసరికి మీ మొహం చూస్తూ నిలబడుతుంది. అప్పుడు ఎత్తాల్సింది మీరే. అందుకే కుక్క ఉన్నవాళ్లకి ఎత్తైన ఎస్‌యూవీ కంటే నేలకి దగ్గరగా ఉండే ఎర్టిగా లాంటి ఎంపీవీ (మూడు వరసల ఫ్యామిలీ కారు) మేలని నా అభిప్రాయం. గుంతల సంగతేంటంటారా, మారతహళ్లి గుంతలు ఏ కారునీ వదలవు.

3. కుక్కని తీసుకెళ్లి ఎక్కించి చూడండి

ముందే ఫోన్ చేసి చెప్పండి, ఎక్కువమంది కాదనరు. మాకు కారు చూపించిన అబ్బాయి మొదట రెండడుగులు వెనక్కేశాడు, తర్వాత తనే బిస్కెట్ పెట్టి పిలిచాడు. చింటూ ముందు కాళ్లు పెట్టి ఆగిపోయాడు. మడిచిన సీటుకీ డిక్కీ నేలకీ మధ్య సందులో గోళ్లు దిగుతున్నాయి. మందపాటి రబ్బరు మ్యాట్ వేయించాక గాని ఎక్కలేదు. ఇలాంటివి ఏ బ్రోచర్‌లోనూ కనపడవు.

అక్కడే ఏసీ ఫుల్లుగా పెట్టి, డిక్కీలో ఒక టిష్యూ కాగితం పట్టుకోండి. కదలకపోతే గాలి అందట్లేదని అర్థం. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చే చల్లబడాలి. ట్రైబర్‌లో మూడు వరసలకీ గాలి వస్తుంది. పాత ఎర్టిగాల్లో రెండో వరస పైకప్పు నుంచి వచ్చేది, అది వెనక్కి ఎంత చేరుతోందో చూసుకోవాలి.

4. ఏది వద్దు

రెండో వరసలో విడివిడి కెప్టెన్ సీట్లున్న ఎక్స్‌ఎల్6 లాంటివి కుక్కకి పనికిరావు, మధ్య సందులో కాళ్లు జారతాయి. ఎర్టిగా సీఎన్‌జీలో సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది, కిలోమీటరు ఖర్చు తగ్గుతుంది గానీ చోటు పోతుంది. ట్రైబర్‌ది 999 సీసీ ఇంజిను. నలుగురు, కుక్క, మూటలు వేసుకుని ఘాట్ ఎక్కేవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి. డబ్బుకి ఇబ్బంది లేకపోతే ఇన్నోవా క్రిస్టా, మొండి బండి.

సిల్క్‌బోర్డు దగ్గర పాకే రోజువారీ తిరుగుడుకి పెట్రోలే నయం. కొత్త కాలుష్య నిబంధనల (బీఎస్6) డీజిల్ కారుని రోజూ నాలుగైదు కిలోమీటర్లే నడిపితే పొగగొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టర్ మసితో పూడుకుపోతుంది. నెలనెలా ఊరికెళ్లేవాళ్లకి డీజిల్ సరే.

5. సెకండ్‌హ్యాండ్ అయితే

ఎర్టిగాలు, క్రిస్టాలు ట్యాక్సీలుగా తెగ తిరుగుతాయి. ఎల్లో బోర్డు మార్చి వైట్ బోర్డు చేసినవీ అమ్మకానికి వస్తాయి. మీటరు 50 వేలు చూపిస్తూ, క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయి ఉంటే, ఆ కారు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. పేరు మార్పిడికి ఫారం 29, 30. లోను తీరిన బండైతే ఫారం 35 కూడా అడగండి.

ఆంధ్రా, తెలంగాణ నంబరు బండి చవగ్గా వస్తోందని తొందరపడొద్దు. ఏడాది దాటి ఇక్కడే తిప్పితే ఎన్‌వోసీ (పాత ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని కర్ణాటక నంబరు వేయించాలి, ఇక్కడి జీవితకాల పన్ను కట్టాలి. కొత్త కారుకీ ఈ పన్ను గట్టిగానే ఉంటుంది: 5 నుంచి 10 లక్షల దాకా 14 శాతం, అది దాటితే 20 లక్షల దాకా 17, పైన సెస్సు. 9 లక్షల 90 వేల వేరియంట్‌కీ 10 లక్షల 50 వేల దానికీ పన్నులోనే దాదాపు 40 వేలు తేడా. అలాయ్ వీల్స్ కోసం ఆ గీత దాటకండి.

6. ఇంటికొచ్చాక

మొదటి రెండు రోజులు ఇంజిను ఆపి, డిక్కీలోనే అన్నం పెట్టండి. మూడో రోజు వీధి చివరి దాకా తిప్పండి. దూరం వెళ్లేరోజు బయల్దేరే ముందు కడుపు నింపొద్దు, కక్కుతుంది. బెల్టుని మెడపట్టీకి కాదు, ఛాతీకి వేసే హార్నెస్‌కి తగిలించండి. కిటికీ స్విచ్ లాక్ చేయండి, కుక్క పంజాతో నొక్కి అద్దం దించేస్తుంది. బరువు వేసినప్పుడు టైర్లలో గాలి ఎంతుండాలో డ్రైవరు తలుపు పక్క స్టిక్కర్ మీద ఉంటుంది. ఎండలో ఆపిన కారులో పది నిమిషాల్లోనే పది డిగ్రీలు పెరుగుతుంది, "ఇప్పుడే వస్తా" అని కుక్కని లోపల వదిలి వెళ్లొద్దు.

బస్తాలు సీటు వీపుకి ఆనించి అడుగున పెట్టండి, కుక్కకీ వాటికీ మధ్య వల కట్టండి. జాడీలు మాత్రం ముందు సీటు కాళ్ల దగ్గర, గోనెసంచి చుట్టి.