పరుగు ప్రణాళికల్లో వారాలు, రోజుల అంకెలను చదవడం ఎలా

పరుగు శిక్షణ ప్రణాళిక చేతికి రాగానే చాలామంది మొదట చూసేది ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తాలన్నదే. అంతకంటే ముందు ఆ పట్టికలోని అంకెలు దేన్ని లెక్కిస్తున్నాయో తేల్చుకోవడం అవసరం. ‘3వ రోజు’ అన్న మాటకు ఒక ప్రణాళికలో మూడో పరుగు అని అర్థం ఉంటే, మరొకదానిలో బుధవారం అని అర్థం ఉంటుంది.

కొత్తవారి కోసం 1996లో జాష్ క్లార్క్ రూపొందించిన ‘కౌచ్ టు 5కె’ (ఐదు కిలోమీటర్ల పరుగుకు సిద్ధం చేసే ప్రణాళిక) మొదటి తరహాకు చెందినది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ అందించే దాని రూపంలో 9 వారాలు, వారానికి 3 పరుగులు, మొత్తం 27 పరుగులు ఉంటాయి. ఇందులో ‘డబ్ల్యూ5 డీ3’ అంటే ఐదో వారంలోని మూడో పరుగు. పరుగుకూ పరుగుకూ నడుమ వచ్చే విశ్రాంతి రోజులకు అంకె ఉండదు కాబట్టి, సోమ, బుధ, శుక్రవారాల్లో పరుగెత్తినా, మంగళ, గురు, శనివారాల్లో పరుగెత్తినా లెక్క మారదు.

మొదటి నాలుగు వారాల్లో ఏ వారానికి ఆ వారం మూడు పరుగులూ ఒకేలా ఉండటం వల్ల, రోజు అంకెను పట్టించుకోనక్కరలేదన్న అలవాటు పడుతుంది. ఐదో వారంలో ఆ అలవాటు ఇబ్బంది పెడుతుంది. మొదటి రోజు ఐదేసి నిమిషాల పరుగు మూడుసార్లు, నడుమ మూడేసి నిమిషాల నడక. రెండో రోజు ఎనిమిదేసి నిమిషాల పరుగు రెండుసార్లు, నడుమ ఐదు నిమిషాల నడక. మూడో రోజు ఏకధాటిగా 20 నిమిషాల పరుగు. ఆరో వారం మొదటి రోజున మళ్లీ నడక విరామాలు వస్తాయి. అంకె పెరిగిన ప్రతిసారీ శ్రమ పెరగాలన్న నియమమేమీ లేదు కాబట్టి, వరుసను మార్చకుండా పాటించడమే మేలు.

మారథాన్ పట్టికలు ఇలా ఉండవు. వాటిలో విశ్రాంతికి కూడా ఒక గడి ఉంటుంది. సాధారణంగా 1వ రోజు సోమవారం, 7వ రోజు ఆదివారం. మన గోడ క్యాలెండర్లలో చాలావరకు వారం ఆదివారంతో మొదలవుతుంది కాబట్టి ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి: ఆదివారాన్ని 1వ రోజుగా తీసుకుంటే 7వ రోజున రావలసిన పోటీ శనివారానికి జరిగిపోతుంది.

అందుకే తేదీలను పోటీ రోజు నుంచి వెనక్కి లెక్కించుకోవాలి. మీ పోటీ 2026 ఆగస్టు 30, ఆదివారం అనుకుందాం. 18 వారాల ప్రణాళికలో అది 18వ వారం 7వ రోజు అవుతుంది. 18 వారాలంటే 126 రోజులు. పోటీ రోజును కూడా కలుపుకొని లెక్కిస్తే మొదటి రోజు ఏప్రిల్ 27, సోమవారం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండేవారికి తొలి వారాలు మండు వేసవిలో పడతాయి కాబట్టి, పరుగును తెల్లవారకముందే పెట్టుకోవాలి. కొన్ని ప్రణాళికలు వారాలను 17, 16, 15 అంటూ దిగువకు లెక్కిస్తాయి. అక్కడ అంకె పోటీకి ఇంకా మిగిలిన వారాలను చెబుతుంది. పోటీ జరిగే వారం సున్నా.

తప్పిన పరుగును ఏం చేయాలన్నది కూడా ఈ తేడాను బట్టే ఉంటుంది. కౌచ్ టు 5కె వంటి వాటిలో ఆగిన అంకె నుంచే కొనసాగించవచ్చు, కష్టమనిపించిన వారాన్ని మళ్లీ చేయవచ్చు. తేదీకి ముడిపడిన ప్రణాళికలో మాత్రం తప్పిన రోజును వదిలేసి ఆనాటి గడికే రావాలి. రెండు రోజుల పరుగును ఒకే రోజులో కుక్కకూడదు. ముఖ్యంగా, పోటీకి ముందు శరీరం కోలుకోవడానికి దూరం తగ్గించే చివరి రెండు మూడు వారాల్లోకి, అంతకుముందు తప్పిపోయిన లాంగ్ రన్‌ను (వారంలోకెల్లా ఎక్కువ దూరం పరుగెత్తే రోజును) ఎట్టి పరిస్థితిలోనూ తీసుకురాకూడదు.