ముందే చేసేసిన పిల్లకి మరో పది లెక్కలు ఇవ్వకండి

ఎనిమిదో తరగతిలో బోర్డు మీద ఐదు లెక్కలు వేసి వెనక్కి తిరిగేసరికి ఓ పిల్ల చెయ్యెత్తుతుంది. "అయిపోయాయి టీచర్." అప్పుడు మన నోట్లోంచి వచ్చే మాట, "అయితే తర్వాతి అభ్యాసం కూడా చేసెయ్." నేనూ ఏళ్ల తరబడి అదే అన్నాను. త్వరగా చేస్తే పని పెరుగుతుందని తెలిసిపోయి, ఆ పిల్లలు నెమ్మదిగా చేయడం అలవాటు చేసుకున్నారు. ఒక ఏడాది ఓ అమ్మాయికి ఏకంగా పదో తరగతి పుస్తకం ఇచ్చాను. పదిలోకొచ్చాక అవే పాఠాలు మళ్లీ వింటూ కూర్చుంది పాపం. అప్పటి నుంచి క్లాసులో నడుస్తున్న పాఠంలోనే లోతుకు దింపుతున్నాను.

ఎవరికి కావాలో మార్కుల జాబితా పూర్తిగా చెప్పదు. కొత్త అధ్యాయం మొదలుపెట్టిన రోజే, అందులోని అన్నిటికంటే కష్టమైన ఐదు లెక్కలు క్లాసు మొత్తానికి ఇవ్వండి. నాలుగు సరిగ్గా, ఎలా చేశారో చూపిస్తూ చేసినవాళ్లకి ఆ అధ్యాయంలో మామూలు అభ్యాసాలు మాఫీ. చేతిరాత అర్థంకాక ఎప్పుడూ మార్కులు పోగొట్టుకునే ఓ పిల్లవాడు నాకు ఇలాగే కంటబడ్డాడు.

ఇక ప్రశ్న. మొదలుపెట్టడానికి కూడికలు వస్తే చాలు, ముగించడానికి మాత్రం కారణం చెప్పాల్సి రావాలి. కారణాంకాల పాఠంలో నేనిచ్చేది ఇది: 15ని వరుస సహజ సంఖ్యల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయొచ్చు? 7+8, 4+5+6, 1+2+3+4+5, మొత్తం మూడు. మరి 1 నుంచి 35 వరకు ఏ సంఖ్యలని అసలు అలా రాయలేం?

ఇరవై నిమిషాల్లో ఆ పిల్లవాడు వచ్చి, "టీచర్, 8 రావట్లేదు, 16 కూడా రావట్లేదు, 32 కూడా!" అన్నాడు. 64 గురించి ఏమనుకుంటున్నావని అడిగాను. రాదన్నాడు. ఎందుకు రాదు? నోరు పెగల్లేదు. నేను వెతికేది ఆ క్షణమే. అక్కడ జవాబు చెప్పేస్తే పాఠం చచ్చిపోతుంది. ఇంటి దగ్గర ముందే కాగితం మీద చేసి, ఎక్కడ ఆగిపోతారో గుర్తుపెట్టుకుని, మూడు చీటీలు రాసుకుని వెళ్తాను. మొదటి చీటీ: "మూడు వరుస సంఖ్యలు కూడితే, మొత్తానికీ మధ్య సంఖ్యకీ సంబంధమేమిటి?" రెండోది: "నాలుగు సంఖ్యలైతే మొదటిదీ చివరిదీ కూడి చూడు. అది సరా, బేసా?" మూడోది: "8కి 1 కాకుండా బేసి కారణాంకం ఉందా?" అడిగితేనే ఇవ్వాలి, ఒక్కొక్కటిగా.

రెండు రోజులకి వాడే చెప్పాడు. బేసి సంఖ్యలో పదాలుంటే ఆ పదాల సంఖ్యే బేసి కారణాంకం. సరి సంఖ్యలో ఉంటే మొదటిదీ చివరిదీ కలిపితే బేసి వస్తుంది, అదీ కారణాంకమే. 2, 4, 8, 16లకి అలాంటి కారణాంకమే లేదు కదా! చెప్తుంటే వాడి గొంతు వణికింది. నాకూ కళ్లు చెమర్చాయి.

పీరియడ్ నలభై ఐదు నిమిషాల్లో మొదటి పది అందరితో కలిసే వినాలి. తర్వాత ఇరవై ఐదు వీళ్లవి వీళ్లు. చివరి పదిలో ఐదు నిమిషాలైనా పక్కన కూర్చుంటాను. వీళ్లని రోజూ వెనకబడ్డవాళ్లకి చెప్పే చిన్న టీచర్లుగా వాడేసుకోవడం నాకు నచ్చదు. నేర్చుకునే హక్కు వాళ్లకీ ఉంది.

ఒక వంద పేజీల నోట్సు విడిగా పెట్టించండి. ఊహ, పరీక్షించిన సంఖ్యలు, ఎక్కడ తప్పింది, ఎందుకు. కొట్టివేతలు చెరపనివ్వను. ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్లలకి ఈ పేజీలే కష్టం. జవాబు రాకపోవడం వాళ్లకి కొత్త, కొందరు ఏడుస్తారు. మార్కులు వేయనని మొదటి రోజే చెప్పాలి.

మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన గణితవేత్త కాప్రేకర్ గారి 6174 కూడా వీళ్లకి బాగా పట్టుకుంటుంది. 3524 అంకెల్ని పెద్దది నుంచి చిన్నదిగా, చిన్నది నుంచి పెద్దదిగా రాసి తీసేయండి: 5432−2345=3087. మళ్లీ 8730−0378=8352. మళ్లీ 8532−2358=6174. ఇక అక్కడే ఆగిపోతుంది. మూడంకెల సంఖ్యతో చేస్తే ఎక్కడ ఆగుతుందో మాత్రం మీరు చెప్పకండి.