లినక్స్ ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ వేగం పెరగకపోతే: సమస్య - పరిష్కారం

ల్యాప్‌టాప్ నెమ్మదించగానే చాలామంది మొదట మార్చేది గవర్నర్‌ను, అంటే ప్రాసెసర్ ఎప్పుడు ఎంత వేగంతో నడవాలో నిర్ణయించే లినక్స్ భాగాన్ని. నిజానికి అది చివరగా ముట్టుకోవలసిన విషయం. గవర్నర్ ఏదైనా సరే, కనిష్ఠ, గరిష్ఠ పరిమితుల మధ్యనే వేగాన్ని ఎంచుకుంటుంది. పై పరిమితిని మరెవరో తగ్గించి ఉంటే, పెర్ఫార్మెన్స్ గవర్నర్ పెట్టినా ప్రాసెసర్ ఆ తగ్గిన పరిమితి వద్దనే ఆగిపోతుంది. అందుచేత ఆ పరిమితిని ఎవరు విధించారో ముందుగా తేల్చుకోవాలి.

దానికి కావలసిన సమాచారమంతా సిస్‌ఎఫ్ఎస్‌లో (హార్డ్‌వేర్ వివరాలను లినక్స్ ఫైళ్ల రూపంలో చూపే చోటు) ఒక్కొక్క కోర్‌కు ఉండే సీపీయూఫ్రీక్ డైరెక్టరీలో దొరుకుతుంది. డ్రైవర్ (ప్రాసెసర్ వేగాన్ని మార్చే లినక్స్ భాగం) పేరు, గవర్నర్ పేరు, ప్రస్తుత వేగం, అనుమతించిన గరిష్ఠ వేగం, హార్డ్‌వేర్ గరిష్ఠ వేగం అక్కడ వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి. అంకెలు కిలోహెర్ట్జ్‌లో ఉంటాయి కనుక 800000 అని కనిపిస్తే 800 మెగాహెర్ట్జ్ అని అర్థం. ఖాళీగా ఉన్న యంత్రంలో తక్కువ వేగం కనిపించడం దోషం కాదు. టెర్మినల్‌లో యెస్ ఆదేశాన్ని నడిపి, దాని ఫలితాన్ని డెవ్ నల్‌కు (రాసినదంతా పారేసే ప్రత్యేక ఫైల్) పంపితే ఒక కోర్‌పై పూర్తి భారం పడుతుంది. వేగాన్ని అప్పుడే చూడాలి.

సమస్య: గవర్నర్ పవర్‌సేవ్ అని ఉంది, మార్చబోతే పెర్ఫార్మెన్స్ తప్ప మరొకటి కనిపించడం లేదు.

డ్రైవర్ ఇంటెల్_పీస్టేట్ అయి, యాక్టివ్ పద్ధతిలో నడుస్తున్నట్లయితే ఇది సహజమే. ఆ డ్రైవర్‌కు ఉన్నవి ఆ రెండు గవర్నర్లే. అందులోని పవర్‌సేవ్ భారాన్ని బట్టి వేగాన్ని పెంచుతూనే ఉంటుంది. ఏసీపీఐ-సీపీయూఫ్రీక్ డ్రైవర్‌లో మాత్రం అదే పేరుగల గవర్నర్ ప్రాసెసర్‌ను అనుమతించిన కనిష్ఠ వేగానికే కట్టిపడేస్తుంది కాబట్టి, అక్కడ భారాన్ని బట్టి వేగాన్ని మార్చే షెడ్యుటిల్ గవర్నర్‌కు మార్చుకోవడం మంచిది.

సమస్య: భారం ఉన్నా వేగం సగం దగ్గరే ఆగుతోంది, అనుమతించిన గరిష్ఠ వేగం హార్డ్‌వేర్ గరిష్ఠం కన్నా తక్కువగా ఉంది.

ఇది సాధారణంగా ఏదో ఒక ప్రోగ్రామ్ చేసిన పని. విద్యుత్ వాడకాన్ని సర్దే టీఎల్‌పీ, ట్యూన్డ్, పవర్-ప్రొఫైల్స్-డీమన్ ప్రోగ్రామ్‌లలో రెండు ఒకేసారి నడుస్తుంటే ఒకటి రాసిన విలువను మరొకటి చెరిపేస్తుంది. ఒక్కదాన్నే ఉంచి మిగిలినవాటిని సిస్టమ్‌డీ (నేపథ్యంలో నడిచే ప్రోగ్రామ్‌లను నిర్వహించే వ్యవస్థ) ద్వారా నిలిపివేయాలి. ఆ తరువాత ఇంటెల్_పీస్టేట్ డైరెక్టరీలోని నో_టర్బో ఫైల్ చూడాలి. అందులో 1 ఉంటే టర్బో (మామూలు వేగాన్ని దాటి పెంచే సదుపాయం) ఆగి ఉన్నట్లు. రూట్ అనుమతితో 0 రాసినా యంత్రం తిరస్కరిస్తే, టర్బోను ఆపింది లినక్స్ కాదు, బయాస్ (ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) అయి ఉండాలి, లేదా ఆ ప్రాసెసర్‌కు టర్బోయే లేదు. బయాస్ ఆపి ఉంటే దాని సెట్టింగ్‌లలోనే టర్బోను తిరిగి ఆన్ చేయాలి.

సమస్య: పరిమితులన్నీ సరిగ్గానే ఉన్నా, ఎంత భారం వేసినా వేగం 400 లేదా 800 మెగాహెర్ట్జ్ దాటడం లేదు.

ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. ఇక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ అడిగిన వేగాన్ని హార్డ్‌వేర్ ఇవ్వడం లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో ప్రోచాట్ అనే సంకేతం ఉంటుంది. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కినప్పుడే కాక, మదర్‌బోర్డుపై ఉన్న ఇతర భాగాలు కోరినప్పుడు కూడా ఆ సంకేతం వేగాన్ని అట్టడుగుకు దించుతుంది. ఛార్జర్ సామర్థ్యాన్ని ల్యాప్‌టాప్ గుర్తించలేకపోవడం, బ్యాటరీ బలహీనపడడం, ఒక సెన్సర్ తప్పుగా చదవడం దీనికి తరచూ కనిపించే కారణాలు.

ఛార్జర్‌ను తీసివేసి బ్యాటరీ మీద అదే భారం వేసి చూడండి. వేగం వెంటనే పుంజుకుంటే అనుమానం ఛార్జర్ మీదికో, దాని పిన్ను మీదికో పోవాలి. తగిన వాటేజీగల మరో ఛార్జర్‌తో సరిచూడవచ్చు. మార్పు లేకపోతే యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని మళ్లీ ప్రారంభించాలి. వేడి సంగతి తేల్చుకోవడానికి థర్మల్_థ్రాటిల్ డైరెక్టరీలోని లెక్కింపు ఫైళ్లు ఉపయోగపడతాయి: భారం వేసినప్పుడు వాటిలోని అంకె పెరుగుతూ పోతుంటే ఫ్యాన్, గాలి దారులు, థర్మల్ పేస్ట్ చూసుకోవలసిందే.

బయటి భాగాల నుంచి వచ్చే ప్రోచాట్‌ను ఎంఎస్ఆర్ (ప్రాసెసర్ లోపలి సెట్టింగ్‌లు ఉండే) రిజిస్టర్ ద్వారా ఆపేయమనే సలహా విరివిగా వినిపిస్తుంది. ప్రాసెసర్ తన వేడి నుంచి తనను తాను కాపాడుకోగలదు కానీ, దాని చుట్టూ ఉన్న విద్యుత్ సరఫరా భాగాలకు ఆ రక్షణ పోతుంది. సెన్సర్ చెడిందని రూఢి అయితే తప్ప దాని జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

సమస్య: మొదట వేగంగా నడిచి, కొన్ని సెకన్లకే పడిపోతోంది.

కొద్దిసేపటికి ఒకటి, ఎక్కువసేపటికి మరొకటిగా రెండు విద్యుత్ పరిమితులు ఉంటాయి కనుక కొంత తగ్గుదల సహజం. పవర్‌క్యాప్ డైరెక్టరీలో ఆ విలువలు మైక్రోవాట్లలో కనిపిస్తాయి. 15000000 అంటే 15 వాట్లు. అవి మరీ తక్కువగా ఉంటే, యంత్రం ఆ సదుపాయం ఇచ్చిన పక్షంలో, సిస్‌ఎఫ్ఎస్‌లో ఏసీపీఐ డైరెక్టరీ కింద ఉండే ప్లాట్‌ఫామ్_ప్రొఫైల్‌ ఫైల్ విలువను బ్యాలెన్స్‌డ్‌కో పెర్ఫార్మెన్స్‌కో మార్చాలి.

సమస్య: సీపీయూఫ్రీక్ డైరెక్టరీలో ఏమీ లేదు.

వర్చువల్ మెషీన్‌లో ఇది మామూలే. నిజమైన యంత్రంలో అయితే డ్రైవర్ ఎక్కలేదని అర్థం. కెర్నెల్ (లినక్స్ మూలభాగం) సందేశాలను చూపే డీమెసేజ్ ఆదేశపు ఫలితంలో కారణం కోసం వెతకాలి. వేగాన్ని మార్చే సదుపాయాన్ని, అంటే ఇంటెల్‌లో స్పీడ్‌స్టెప్‌ను, ఏఎండీలో సీపీపీసీని, బయాస్‌లో ఆపివేసి ఉండవచ్చు. ఏఎండీ_పీస్టేట్ డ్రైవర్ 2022లో వచ్చిన 5.17 కెర్నెల్‌తో మొదలైంది కనుక అంతకన్నా పాత కెర్నెల్‌లో దానికోసం వెతకడం వృథా.

ఏ సవరణ చేసినా సిస్‌ఎఫ్ఎస్‌లో రాసిన విలువలు రీబూట్‌తో పోతాయి. ఫలితం సరిగా ఉందని తేలాక, మీరు ఉంచుకున్న ఆ ఒక్క ప్రోగ్రామ్ కాన్ఫిగరేషన్‌లో వాటిని రాసి, ఒకసారి రీబూట్ చేసి, మరొకసారి నిద్రావస్థకు పంపి లేపి, భారం మీద వేగాన్ని మళ్లీ చదవండి. లేపిన తరువాత మాత్రమే వేగం పడిపోతుంటే బయాస్ కొత్త వెర్షన్ కోసం చూడాలి.