వానాకాలంలో పల్లీలు ముక్కిపోకుండా

వానలు మొదలయ్యాక కిలో పల్లీలు తెచ్చి డబ్బాలో పోస్తే సగం అవకముందే ముక్కిన వాసన వస్తుంది. పారేయడానికి మనసొప్పదు. కానీ బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది లివర్ క్యాన్సర్ తెచ్చేదని తేలిన విషయమే. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

తెచ్చిన రోజే తెల్లగుడ్డ మీద పలచగా పోసి ఏరేయండి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పురుగు తొలిచినవి, పచ్చటి పొడి అంటుకున్నవి తీసేయాలి. కిలోకి గుప్పెడు పోయినా పర్వాలేదు. మిగిలినవి ఒక పూట ఎండబెట్టి గింజ విరిచి చూడండి. టప్పున విరిగితే సరే, మెత్తగా వంగితే ఇంకో ఎండ కావాలి. ముసురు పట్టి ఎండే లేకపోతే సన్నటి సెగ మీద దోరగా వేయించొచ్చు. బాగా చల్లారాక పావుకిలో చొప్పున గాలి చొరబడని డబ్బాల్లో పోసి, ఒకటి బయట ఉంచుకుని మిగతావి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాకి చల్లదనం పోయేదాకా మూత తీయొద్దు, లోపల చెమ్మ చేరుతుంది.

అయితే ఇదంతా బూజు రాకుండా చూసుకోవడానికే. వచ్చేశాక కడిగినా వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. నోటికి చేదు తగిలితే ఉమ్మేయండి. డబ్బా మొత్తం వాసనొస్తుంటే ఏరుతూ కూర్చోకుండా పారేయండి, గేదెకు కూడా పెట్టొద్దు, పాలల్లోకి వస్తుంది.