వాన దేవుణ్ణి బొమ్మలో గుర్తుపట్టడం ఎలా

మ్యూజియంలోనో పాత గుడి గోడ మీదో ఒక బొమ్మ కనబడితే, అది వాన దేవుడిదేనా అని తేల్చుకోవడానికి చాలామంది ముందు నీళ్లు వెతుకుతారు. అక్కడే పొరపాటు పడతారు. వాన దేవుళ్లలో ఎక్కువమంది చేతిలో నీళ్ల చెంబు ఉండదు, కొట్టే వస్తువు ఉంటుంది. గొడ్డలి, గద, సమ్మెట, ఈటె, వజ్రాయుధం. వాన పడకపోతే నీళ్లే లేవని పాతకాలపు మనిషి అనుకోలేదు. నీళ్లున్నాయి, ఎవరో పట్టి ఉంచారు, కొడితేగాని వదలరు అనుకున్నాడు. ఋగ్వేదంలో ఇంద్రుడు వృత్రుణ్ణి వజ్రంతో చీల్చి నీళ్లను విడిపించడం ఈ లెక్కే. సముద్రాల అవతల మెక్సికోలో అజ్టెక్ జనం చెప్పుకున్నదీ ఇంచుమించు ఇదే. ట్లాలోక్ దేవుడి కింద పనిచేసే చిన్న దేవుళ్లు కుండల్లో నీళ్లు తీసుకుపోయి, కర్రలతో ఆ కుండల్ని పగలగొడతారు. ఉరుమంటే కుండ పగిలిన చప్పుడు.

కాబట్టి చూసే వరుస ఇలా పెట్టుకోండి. ముందు చేతులు, తర్వాత ముఖం, ఆ తర్వాత కాళ్ల కింద ఏముందో, ఆపైన బొమ్మ ఏ చోట ఏ దిక్కున ఉందో. పేరు రాసిన పలక అన్నిటికన్నా చివర. పలక ముందే చదివితే కన్ను ఆ పేరుకు సరిపోయేవే వెతుక్కుంటుంది, సరిపోనివి వదిలేస్తుంది.

చూడటానికి వెలుతురు, దూరం

రాతి మీద లోతు తక్కువగా చెక్కిన బొమ్మ మిట్టమధ్యాహ్నం చదునుగా కనబడుతుంది. పొద్దున్నే గానీ, సాయంత్రం ఎండ వాలాక గానీ వెళితే ఏటవాలు వెలుతురుకి గీతల్లో నీడ పడి, చేతిలో ఉన్నది గొడ్డలో తామర మొగ్గో తేలుతుంది. మ్యూజియంలో ఫ్లాష్ వాడనివ్వరు. దీపం మీరు జరపలేరు కాబట్టి మీరే పక్కకు జరుగుతూ నీడ కుదిరే చోట ఆగాలి. ఒక్కో బొమ్మకు కనీసం ఐదు ఫొటోలు: ఎదురుగా నిండుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, చేతులు దగ్గరగా ఒకటి, పాదాలూ పీఠమూ కలిపి ఒకటి. ఈ ఐదోది మర్చిపోతారు, సగం జవాబు అందులోనే ఉంటుంది. గుడి పైకప్పు చూడాలంటే 8 రెట్లు పెద్దదిగా చూపే చిన్న బైనాక్యులర్ చాలు.

చేతులు

సిరియా తీరంలో పాత ఉగరిత్ నగరం ఉన్న రాస్ షమ్రా దగ్గర 1932లో దొరికిన బాల్ దేవుడి రాతి పలక ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 142 సెంటీమీటర్లు. చూడటం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బొమ్మ లేదు. కుడిచెయ్యి గదతో పైకి లేచి ఉంది. ఎడమచేతిలో ఈటె మొన నేలకు దిగి ఉంది. ఇక్కడ ఆగి ఆ ఈటెను కింది నుంచి పైదాకా చూడండి. కింద అది ఆయుధం. పైకి వెళ్లేకొద్దీ ఆకులు తొడిగిన కొమ్మలా విచ్చుకుంటుంది. పిడుగు నేలలో దిగింది, మొక్క పైకి లేచింది. వాన అనే మాట ఎక్కడా చెప్పకుండా ఆ శిల్పి మొత్తం చెప్పేశాడు. తలకు కొమ్ముల టోపీ ఉంటుంది. దేవుడి ముందు పిల్లవాడిలా నిలబడిన చిన్న మనిషి ఉగరిత్ రాజు అంటారు.

పశ్చిమాసియాలో రెండు మూడు పాయలుగా చీలిన మెరుపును పిడికిట్లో పట్టుకున్న దేవుడు కనబడితే అతను అక్కడి ఉరుము దేవుళ్లు అదద్ గానీ, తెషూబ్ గానీ అయ్యే అవకాశం ఎక్కువ. మధ్య అమెరికాలో మాయా జనం వాన దేవుడు చాక్ చేతిలో రాతి గొడ్డలి ఉంటుంది. చైనాలో ఉరుము దేవుడు లెయ్‌గాంగ్ ఒక చేత్తో సమ్మెట, ఇంకో చేత్తో ఉలి పట్టుకుంటాడు, ముఖానికి పక్షిముక్కు ఉంటుంది. జపాన్‌లో రైజిన్ వీపు చుట్టూ వలయంగా చిన్న డోళ్లు ఉంటాయి. క్యోటోలో సన్జూసన్‌గెన్‌దో ఆలయంలో ముందు వరుసకు ఒక కొసన రైజిన్, రెండో కొసన ఫూజిన్ ఉంటారు. ఇద్దరిదీ ఒకే తీరు, భయంకరమైన ముఖాలు, ఎగిరే నడక. డోళ్లుంటే ఉరుము దేవుడు, భుజాల మీదుగా గాలి నిండిన సంచి ఉంటే గాలి దేవుడు. ఆ సంచిని నీళ్ల తిత్తి అనుకుని ఫూజిన్‌ను వాన దేవుడిగా రాసుకునేవాళ్లు ఉన్నారు.

పశ్చిమ ఆఫ్రికాలో యొరుబా జనం ఉరుముల దేవుడు షాంగోకు రెండువైపులా పదునున్న గొడ్డలి గుర్తు. ఆయన పూజలో వాడే చేతికర్రల మీద ఎక్కువగా కనబడేది మోకాళ్ల మీద కూర్చున్న ఆడమనిషి, ఆమె తల మీద ఆ జంట గొడ్డలి. ఆమెను దేవత అనుకోకండి. ఆమె భక్తురాలు, దేవుడి బరువు నెత్తిన మోస్తోంది.

చేతులు విరిగిపోతే? పాత బొమ్మల్లో ముందు విరిగేవి చేతులే, ముక్కులే. అప్పుడు విరిగిన చోటు చూడండి. భుజం పైకి లేచి ఉంటే చెయ్యి కొట్టడానికి ఎత్తి ఉందన్నమాట. పిడికిట్లో నిలువుగా బెజ్జం ఉంటే అందులో ఒకప్పుడు లోహంతోనో చెక్కతోనో చేసిన ఆయుధం ఉండి ఊడిపోయిందని అర్థం.

ముఖం

ముఖంతోనే తెలిసిపోయేవాడు ట్లాలోక్. కళ్ల చుట్టూ గుండ్రటి కట్లు, కళ్లజోడు పెట్టుకున్నట్టు. పైపెదవి మీద మెలితిరిగిన మీసంలాంటి పట్టీ, కొన్ని బొమ్మల్లో అది రెండు పాములు పెనవేసుకుని ఏర్పడింది. కింద పొడుగాటి కోరలు. రంగు మిగిలి ఉంటే నీలం. మెక్సికో నగరం నడిబొడ్డున అజ్టెక్‌ల పెద్ద గుడి పైన రెండు గర్భగుళ్లు ఉండేవి: దక్షిణాన యుద్ధ దేవుడు హుయిట్జిలోపోచ్ట్లిది, ఉత్తరాన ట్లాలోక్‌ది. అంటే ఆ రాజ్యానికి కత్తి ఎంతో, పంట అంత. ట్లాలోక్ గుడి ముందు వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి, పొట్ట మీద పళ్లెం పట్టుకున్న రంగుల బొమ్మ ఉంది. దాన్ని ఫొటో తీసి కింద ట్లాలోక్ అని రాసేస్తుంటారు. అది చాక్‌మూల్, నైవేద్యం పెట్టే బొమ్మ. పేరులో చాక్ ఉందిగదా అని మాయా దేవుడితో కలపకండి, ఆ పేరు 19వ శతాబ్దంలో తవ్వినవాళ్లు పెట్టింది.

మాయా చాక్‌కు ముక్కు ఆనవాలు: పొడుగ్గా సాగి కొసన వంపు తిరుగుతుంది. చెవులకు గవ్వలు, ఒంటి మీద పొలుసుల్లాంటి గుర్తులు. డ్రెస్డెన్‌లో ఉన్న మాయా చేతిరాత గ్రంథంలో ఈ దేవుడి బొమ్మలు బోలెడు, వరసగా పది చూస్తే ఇక జన్మలో మర్చిపోరు. తిరకాసు ఎక్కడంటే, కవీల్ అనే ఇంకో మాయా దేవుడికీ పొడుగు ముక్కే. అతని నుదుటి నుంచి పొగలు కక్కే కాగడాగానీ గొడ్డలిగానీ పొడుచుకొస్తుంది, ఒక కాలు పాముగా మారి ఉంటుంది. అందుకే పాదాల ఫొటో. మెక్సికోలో మాయా జనం ఉండే యుకటాన్ ప్రాంతంలో కబా ఊళ్లోని కోడ్జ్ పోప్ అనే భవనం ముఖమంతా ఒకే రకం రాతి ముఖాలు వందల కొద్దీ ఉన్నాయి, ముక్కులు చాలావరకు విరిగిపోయాయి. వాటిని చాక్ ముఖాలనడం అలవాటైపోయింది, కానీ అవి ప్రాణమున్న కొండకు గుర్తులని చెప్పే పండితులు గట్టిగానే ఉన్నారు. అక్కడ రెండు మాటలూ రాసుకోవాలి.

మెక్సికోలోనే ఓహాకా లోయలో జపోటెక్ జనం వాన దేవుడు కోసీహోకు ముఖంలో చూడాల్సింది నాలుక: పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది.

నేపాల్‌లో ఇంద్రుడికి నుదుటి మీద మూడో కన్ను ఉంటుంది. కన్ను నిలువుగా ఉంటే శివుడు, అడ్డంగా ఉంటే ఇంద్రుడు. ఆ ఒక్క గీత తిరిగిన తీరుతో ఇద్దరు దేవుళ్లు వేరైపోతారు.

కాళ్ల కింద

ఎద్దు మీద నిలబడితే పశ్చిమాసియా ఉరుము దేవుళ్ల కోవ. ఎద్దు రంకె, ఉరుము ఒకలాగే వినబడతాయి కదా. టర్కీలో యాజిలికయా రాతి గోడ మీద హిట్టైట్‌ల తెషూబ్ ఇద్దరు కొండ దేవుళ్ల మెడల మీద కాళ్లు పెట్టి నిలబడ్డాడు, వాళ్లు బరువుకు ముందుకు వంగి ఉన్నారు. మబ్బు కొండ మీద కూర్చునే దేశంలో వాన దేవుడు కొండనెక్కక ఏం చేస్తాడు!

ఏనుగు ఉంటే ఇంద్రుడు అనేది మన దగ్గర అందరికీ తెలిసిన సూత్రం, అదే ఎక్కువసార్లు ముంచుతుంది. ఎల్లోరా 32వ గుహను ఇంద్రసభ అంటారు. అక్కడ ఏనుగు మీద కూర్చున్న పెద్ద విగ్రహాన్ని చూసి ఆ పేరు పెట్టేశారు. అది జైన గుహ, ఆయన జైన యక్షుడు. బ్యాంకాక్ వెళ్లిన మనవాళ్లు ఎరవాన్ మందిరం చూసి, ఎరవాన్ అంటే ఐరావతమే కాబట్టి ఇంద్రుడి గుడి అనుకుని వస్తుంటారు. లోపల ఉన్నది నాలుగు ముఖాల బ్రహ్మ. పేరు పక్కనున్న హోటల్ నుంచి వచ్చింది. ఏనుగు కనబడ్డాక మళ్లీ చేతికి వెళ్లండి. వజ్రం ఉందా? మన శిల్పాల్లో అది నడుము సన్నగా ఉండి రెండు కొసలా మూడేసి ముళ్లుగా విచ్చుకున్న పొట్టి కడ్డీలా ఉంటుంది.

దిక్కు

తెలుగు నేల మీద గుళ్లలో బొమ్మ అరిగిపోయినా దిక్కు మిగులుతుంది. ఫోన్‌లో దిక్సూచి తెరవండి, కానీ ఇనుప గ్రిల్‌కు దూరంగా నిలబడి చూడండి, లేకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది. అష్టదిక్పాలకుల్లో తూర్పు ఇంద్రుడిది, పడమర వరుణుడిది. ఇంద్రుడికి ఏనుగు, వరుణుడికి మకరం, చేతిలో పాశం. అలంపురంలో స్వర్గబ్రహ్మ ఆలయం గోడల మీద దిక్పాలకులు ఎవరి చోట వారు ఉన్నారు. నేర్చుకోవడానికి అది మంచి చోటు. మండపం పైకప్పులో తొమ్మిది గడులు ఉంటే నడిమి గడి వదిలేసి తూర్పు నుంచి కుడివైపుగా లెక్కపెట్టండి. మొదటి గడి ఇంద్రుడు, ఐదోది వరుణుడు. లెక్క ఎక్కడో తప్పిందంటే ఆ రాళ్లు తర్వాతి కాలంలో ఊడదీసి మళ్లీ పేర్చినవేమో చూడాలి.

ఇక పర్జన్యుడు. ఋగ్వేదంలో వాన దేవుడంటే నేరుగా ఆయనే, ఐదో మండలంలో 83వ సూక్తం ఆయనదే. అయినా ఆయన విగ్రహం కోసం గుళ్లలో వెతికి అలిసిపోకండి, ఆయన మాటలో నిలిచాడు, రాయిలోకి పెద్దగా రాలేదు.

వాననే చెక్కిన చోట్లు

ఇవి తక్కువ, అందుకే వెతుక్కుని చూడాలి. కంబోడియాలో 967లో ప్రతిష్ఠించిన బంటియై శ్రేయి గుడిలో గ్రంథాలయం అని పిలిచే ఉత్తరపు కట్టడం తూర్పు ముఖం పైన ఖాండవ దహనం ఉంది. ఆదిపర్వం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పైన మూడు తలల ఐరావతం మీద ఇంద్రుడు, ఆయన కింద వరసగా ఏటవాలు గీతలు. ఆ గీతలే వాన. వాటి కింద అడవి, పారిపోతున్న జంతువులు. వాన గీతల్ని అలంకారం అనుకుని దాటిపోతే కథే పోతుంది.

రోమ్‌లో మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి స్తంభం కింది చుట్లలో ఇంకోటి ఉంది. రెక్కలున్న గడ్డపు ముసలాయన చేతులు చాపి ఉంటాడు, ఆ చేతుల నుంచీ ఒంటి నుంచీ నీళ్లు ధారలుగా జారుతుంటాయి. దాహంతో ఉన్న రోమన్ సైన్యాన్ని వాన కాపాడిన సంఘటన అది. ఇక్కడ దేవుడి చేతిలో ఏమీ లేదు, దేవుడే వాన.

కప్ప కనబడితే మాత్రం ఆగండి. అజ్టెక్‌ల పెద్ద గుడిలో ట్లాలోక్ వైపు కప్పల బలిపీఠం ఉంది. యుకటాన్‌లో ఇప్పటికీ చాక్ కోసం చేసే వాన పూజలో నలుగురు పిల్లలు పీఠం నాలుగు మూలలా కూర్చుని కప్పల్లా బెకబెకమంటారు. మన ఊళ్లలో రోకలికి వేపమండలతో కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట చూసినవాళ్లకు ఆ పిల్లలు పరాయివాళ్లనిపించరు.

చివరగా పలక

ఇప్పుడు చదవండి, మీ రాతతో పోల్చండి. రెండూ కలవకపోతే ప్రతిసారీ తప్పు మీదే కానక్కర్లేదు. మెక్సికో నగరంలో మానవశాస్త్ర మ్యూజియం బయట నిలబెట్టిన రాతి విగ్రహం సుమారు 168 టన్నులది. 1964 ఏప్రిల్ 16న కోట్లించాన్ ఊరి నుంచి తెచ్చారు, తెచ్చిన రోజు కాలం కాని కాలంలో పెద్దవాన పడింది. జనానికి అది ట్లాలోక్. కానీ ఆ కట్టు ఆడమనిషిదనీ, అది నీళ్ల తల్లి చాల్చియుత్లిక్వే అనీ చెప్పే పండితులున్నారు. ముఖం బాగా అరిగిపోయింది, చేతుల్లో ఏమీ తేలదు. ఇలాంటి చోట నోట్‌బుక్‌లో పేరు గడి ఖాళీగా వదిలి, కనబడినవి మాత్రం రాయండి: కట్టు ఏ తీరు, తల మీద ఏముంది, ఏది విరిగింది, ఏ వైపు వెలుతురులో చూశారు. తర్వాత ఎవరు చూసినా ఆ నాలుగు ముక్కల నుంచే మొదలుపెడతారు.