లినక్స్ డెస్క్‌టాప్‌నూ షెల్‌నూ మీ పనికి తగ్గట్టు అమర్చుకోవడం ఎలా?

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సు నేర్చుకుంటున్న విద్యార్థికైనా, గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నవారికైనా రోజులో చాలా గంటలు గడిచేది ఒకే తెర ముందు. ఆ తెరను మన పనికి అనువుగా మార్చుకునే స్వేచ్ఛ లినక్స్‌లో ఉన్నంతగా మరెక్కడా లేదు. అయితే ఇంటర్నెట్‌లో దొరికే ఇతరుల అమరికలను తెచ్చి యథాతథంగా అతికించుకోవద్దని నా గట్టి సలహా. ఏదైనా చెడిపోయిన రోజున బాగుచేసుకోవలసింది మీరే కనుక, అర్థం కాని రెండు వందల వరుసల కంటే మీరు స్వయంగా రాసుకున్న ఇరవై వరుసలే మేలు.

ముందుగా డెస్క్‌టాప్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్, అందులో 4 జీబీ ర్యామ్ ఉన్నాయనుకుందాం. దానికి లినక్స్ మింట్‌లోని, తేలికపాటి డెస్క్‌టాప్ అయిన ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు చక్కగా సరిపోతుంది. 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు ఉంటే మింట్ నడుస్తుంది కానీ, హాయిగా పనిచేయాలంటే 4 జీబీ ర్యామ్, 100 జీబీ డిస్కు ఉండాలని దాని తయారీదారులే చెబుతారు.

ఇటువంటి ల్యాప్‌టాప్‌ల తెర తరచుగా 1366 × 768 పిక్సెళ్లే ఉంటుంది. అంటే వెడల్పు సరిపడా ఉన్నా ఎత్తు తక్కువ. అందుకే అడుగున ఉండే ప్యానెల్‌ను (మెనూ, గడియారం ఉండే పట్టీని) ఎడమ పక్కకు మార్చడం నేను మొదట సూచించే మార్పు. ప్యానెల్ మీద కుడి క్లిక్ చేసి, దాని ప్రాధాన్యాలు తెరిచి, మోడ్ దగ్గర డెస్క్‌బార్ ఎంచుకోండి. తరువాత ప్యానెల్ లాక్ తీసి, దాన్ని ఎడమ అంచుకు లాగి, మళ్లీ లాక్ చేయండి. కోడ్ చదివేటప్పుడు అదనంగా కనిపించే ఆ ఒకటి రెండు వరుసల విలువ ఒక్క రోజులోనే తెలుస్తుంది.

కీబోర్డ్ సెట్టింగ్స్‌లో అప్లికేషన్ షార్ట్‌కట్స్ దగ్గర టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో), బ్రౌజర్, ఫైల్ మేనేజర్‌లకు ఒక్కొక్క మీట కేటాయించండి. విండోను తెరలో కుడి సగానికో ఎడమ సగానికో పంపే మీటలు విండో మేనేజర్ సెట్టింగ్స్‌లో ఉంటాయి. వాల్‌పేపర్, ఐకాన్‌లు, రంగులు మీ ఇష్టం.

తెలుగు రాయడానికి

కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని లేఅవుట్ పేజీలో భారతీయ భాషల కింద తెలుగును చేర్చి, రెండు లేఅవుట్ల మధ్య మారడానికి ఒక మీటను ఎంచుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ అమరిక సిద్ధమవుతుంది. ఇందులో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ‘అమ్మ’ అని రాయాలంటే షిఫ్ట్‌తో డి, తరువాత సీ, డి, సీ నొక్కాలి. నడుమ ఒంటరిగా నొక్కిన డి పొల్లును ఇస్తుంది, ఆ పొల్లే తరువాతి మకారాన్ని ఒత్తుగా మారుస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం రాసే అలవాటు ఉన్నవారు ఐబస్ అనే టైపింగ్ సాధనంతో పాటు దాని ఎం17ఎన్ ప్యాకేజీని స్థాపించుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు కూడా దొరుకుతాయి.

టెర్మినల్‌లో మాత్రం తెలుగు ఒత్తులు చెదిరి కనిపించవచ్చు. టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ సమాన వెడల్పు గల గడిలో కూర్చోబెట్టాలని చూడటమే దీనికి కారణం, ఫైలులో లోపం ఏమీ ఉండదు.

ఇక షెల్

ఇక్కడ తీరికగా కూర్చోండి. టెర్మినల్‌లో మీరు ఇచ్చే కమాండ్లను అందుకుని నడిపించే ప్రోగ్రామే షెల్. ఉబుంటు, మింట్, డెబియన్‌లలో మామూలుగా వచ్చే షెల్ బాష్. దాని అమరిక హోమ్ ఫోల్డర్‌లోని బాష్‌ఆర్‌సీ (.bashrc) అనే ఫైలులో ఉంటుంది. పేరు చుక్కతో మొదలవుతుంది కనుక ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితేనే కనిపిస్తుంది. మార్చే ముందు దానికి ఒక నకలు తీసుకోండి. అది కూడా పోయినా కంగారు పడనక్కరలేదు, ఈటీసీ కింద ఉన్న స్కెల్ (/etc/skel) అనే ఫోల్డర్‌లో అసలు ప్రతి ఎప్పుడూ ఉంటుంది.

ఒక వారం మామూలుగా పనిచేసుకుని, హిస్టరీ అనే కమాండ్ ఇవ్వండి. అందులో పదే పదే కనిపించే పొడవైన కమాండ్లే పొట్టి పేర్లు పెట్టదగినవి. ఎలియాస్‌లు అనే ఈ పొట్టి పేర్లను హోమ్ ఫోల్డర్‌లోనే బాష్ ఎలియాసెస్ (.bash_aliases) అనే వేరే ఫైలులో రాయడం మంచిది. అది ఉంటే బాష్‌ఆర్‌సీ దాన్ని తనంతట తానే చదువుకుంటుంది. ప్రతి వరుసలోనూ ఎలియాస్ అనే మాట, ఒక ఖాళీ, మీరు పెట్టే పేరు, సమాన గుర్తు, ఆపై ఒంటి కొటేషన్ల మధ్య అసలు కమాండ్ రావాలి. సమాన గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదిలితే అది పనిచేయదు, కొత్తవారికి తరచుగా చిక్కు వచ్చేది ఇక్కడే. ప్రతి వరుస పైన హ్యాష్ గుర్తు పెట్టి, అది ఎందుకు రాశారో తెలుగులో ఒక వాక్యం రాసుకోండి.

ఫైళ్లను చెరిపే ఆర్‌ఎం కమాండ్‌కు, ‘చెరపమంటారా’ అని అడిగే ఎలియాస్‌ను అదే పేరుతో పెట్టమని కొందరు సలహా ఇస్తారు. నేను దాన్ని ఒప్పుకోను. ఆ ప్రశ్న వస్తుందన్న ధీమాకు అలవాటు పడిన చేయి, రేపు ఆఫీసు సర్వర్‌లో ఆ ఎలియాస్ లేనిచోట ఫైళ్లను అడగకుండానే చెరిపేస్తుంది. పాత కమాండ్ల పేర్లను ముట్టుకోకుండా, మీ వాటికి కొత్త పేర్లే పెట్టుకోండి.

హిస్టరీ పరిమాణం బాష్‌ఆర్‌సీలో 1000 అని, దాని ఫైలు పరిమాణం 2000 అని ఉంటాయి. రెండింటినీ 50000 చేయండి. అప్పుడు కంట్రోల్, ఆర్ నొక్కి రెండు మూడు అక్షరాలు కొడితే నెలల క్రితం ఇచ్చిన కమాండ్ కూడా దొరుకుతుంది. ముందు ఒక ఖాళీ కొట్టి ఇచ్చిన కమాండ్ ఈ చరిత్రలోకి ఎక్కదు కనుక, రహస్య వివరాలున్న కమాండ్లను అలా ఇవ్వవచ్చు.

మార్పులు సేవ్ చేశాక బాష్ కమాండ్‌కు హైఫన్, ఎన్ చేర్చి ఆ ఫైలు పేరు ఇస్తే, ఫైలును నడపకుండానే రాతలోని దోషాలను చూపుతుంది. ఏమీ చెప్పకపోతే సోర్స్ కమాండ్‌తో దాన్ని అమలులోకి తెచ్చుకోండి. ఇదంతా చేస్తున్నంతసేపూ రెండవ టెర్మినల్ ఒకటి తెరిచి ఉంచండి.

అమరికను దాచుకోవడం

హోమ్‌లో ఒక ఫోల్డర్ చేసి, ఈ ఫైళ్లను అందులోకి మార్చి, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టండి. గ్నూ స్టో అనే చిన్న సాధనం వాటి అసలు స్థానాలలో సింబాలిక్ లింకులు, అంటే ఆ ఫైళ్లను చూపే గుర్తులు, ఏర్పరుస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు (సర్వర్లలోకి ప్రవేశించడానికి వాడే రహస్య ఫైళ్లు), పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ ఫోల్డర్‌లోకి ఎన్నటికీ రానీయకండి. చివరగా ఇదంతా సరిగా పనిచేస్తుందో లేదో చూడటానికి అదే కంప్యూటర్‌లో కొత్త యూజర్ ఖాతా ఒకటి తెరిచి, ఆ ఫోల్డర్‌ను అక్కడికి తెచ్చుకోండి. కొత్త ఖాతాలో ముందే ఉన్న బాష్‌ఆర్‌సీని పక్కకు తీయకపోతే స్టో లింకు వేయడానికి నిరాకరిస్తుంది కనుక, దాని పేరు మార్చి, అప్పుడు స్టో నడపండి. పని చేయని ఎలియాస్ ఏదైనా ఉంటే ఇక్కడే బయటపడుతుంది. దాన్ని సరిచేసి, ఆ మార్పును గిట్‌లో చేర్చిన తరువాత ఈ పరీక్ష ఖాతాను తొలగించవచ్చు.